చెరువులున్న గోల్ఫ్ కోర్సులో ఆడటం ఎలా: అనంతపురం నుంచి వెళ్లేవాళ్లకు

"అన్నా, ఎన్ని బంతులు తీసుకపోవాల?"

బెంగళూరు వైపు కోర్సుకు మొదటిసారి వెళ్లేవాళ్లు ఫోన్ చేసి నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది, "నీళ్లలో పడితే ఏం చేయాల?" మూడో ప్రశ్న ఎవరూ అడగరు. నిజానికి అడగాల్సింది అదే: బంతి అసలు నీళ్లలో ఎందుకు పడుతుంది? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా మొదటి రౌండులో 18 హోల్స్‌కు (బంతిని వేయాల్సిన గుంతలకు) 11 బంతులు నీళ్లపాలు చేశాను. బ్యాగు మోసే క్యాడీ అటు తిరిగి నవ్వుకున్నాడు. పదకొండూ చెత్త షాట్లయితే అంత బాధ ఉండేది కాదు. ఆరేడు బాగా తగిలినవే. చప్పుడు బాగుంది, ఎత్తు బాగుంది, దిశ బాగుంది, చివర్లో మాత్రం బుడుంగు. ఇంటికొచ్చి నా స్వింగును తిట్టుకున్నాను. తప్పు స్వింగుది కాదని, మా ఊరి నేలదని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మన దగ్గర ప్రాక్టీసంటే బీడు భూమి, లేదా వేరుశనక్కాయ పీకేసిన చేను. ఎర్రనేల ఎండి సిమెంటు గచ్చులా ఉంటుంది. 7 ఐరన్‌తో (అదొక క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర) కొడితే బంతి 125 గజాల దగ్గర పడి, ఎగిరి, దొర్లి 150 దగ్గర ఆగుతుంది. మనం దాని దగ్గరికి నడిచి వెళ్లి "నాది 150" అని రాసుకుంటాం. రోజూ నీళ్లు పట్టే కోర్సులో 140 గజాలు దాటాల్సిన చెరువు ముందు నిలబడి అదే 7 ఐరన్ తీస్తాం. చెరువు మీద బంతి దొర్లదు కదా. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మీ బంతుల ఖర్చు సగం తగ్గుతుంది.

ఏమేం కావాలి

- బంతులు 12. అన్నీ ఒకే రకం, మధ్యరకం ధరవి. ఆరు బ్యాగులో, ఆరు కారులో. పసుపువో నారింజవో అయితే గడ్డిలో త్వరగా కనిపిస్తాయి.
- చెరగని మార్కర్ పెన్ను. ప్రతి బంతి మీదా మీ గుర్తు ఒకటి.
- జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పెన్సిలు. ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ మర్చిపోయేదీ ఇదే.
- దూరం చూసే లేజర్ పరికరమో, ఫోన్లో జీపీఎస్ యాపో. లేకపోతే క్యాడీని అడగండి. పోటీలో ఆడేటప్పుడు లేజర్‌లో ఎత్తుపల్లాలను లెక్కలో కలిపే స్లోప్ సదుపాయం ఆపేయాలి.
- 3, 4 ఐరన్‌ల బదులు ఒక హైబ్రిడ్, వీలైతే 7 వుడ్. ఎత్తుగా లేచి మెత్తగా దిగే క్లబ్బులు నీళ్ల మీద ప్రాణం కాపాడతాయి. మొత్తం 14 క్లబ్బులు మించకూడదు.
- సాగే కర్ర, చివర బంతి పట్టే గిన్నె ఉన్నది. గట్టు పక్కన లోతులేని చోట పడినవి తీసుకోవడానికి.
- కాలరున్న టీషర్టు, మెత్తని స్పైకులున్న బూట్లు, రెండో జత సాక్సులు.

కొన్ని కోర్సుల్లో మెంబరు వెంట ఉండాలి, కొన్నిచోట్ల మీ ఆట స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ కార్డు అడుగుతారు. గేటు దగ్గర వాదించి లాభం లేదు, రెండు రోజుల ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

1. ప్రతి క్లబ్బుకూ మూడు అంకెలు రాసుకోండి

బంతి గాలిలో పోయి నేలను తాకేంతవరకు ఉన్న దూరాన్ని క్యారీ అంటారు. దాన్ని కొలవడానికి మన జిల్లాలో ఖర్చులేని పద్ధతి ఒకటుంది: దున్నిన చేను. మెత్తటి దుక్కిలో పడిన బంతి అక్కడే కూరుకుపోతుంది, దొర్లదు. పడిన గుంతే మీ క్యారీ. ఎక్కడో డబ్బు కట్టి మిషన్ ముందు కొట్టడం కన్నా ఇది నాకు నమ్మకంగా అనిపిస్తుంది.

తొలకరికి దున్ని, ఇంకా విత్తనం వేయని వారం పది రోజులు దీనికి సరైన సమయం. రైతును అడిగి దిగండి. విత్తనం పడ్డాక అడుగు పెట్టకండి, తిట్లు మీకు, మాట నాకు వస్తాయి. గట్టు మీద చాపో, పాత కార్పెట్ ముక్కో పరుచుకుని అక్కడినుంచి కొట్టండి. ముందువైపు కనీసం 250 గజాలు, పక్కలకు 60 గజాలు మనిషిగానీ, గొర్రెల మందగానీ లేదని చూసుకోండి. గొర్రెల కాపరి చెట్టు నీడలో పడుకుని ఉంటే దూరానికి కనిపించడు, ఒకసారి గట్టిగా కేక వేసి చూడండి. సాయం వచ్చినవాళ్లు బంతి పోయే దారిలో కాకుండా బాగా పక్కకు నిలబడాలి.

ఒక్కో క్లబ్బుతో పది బంతులు కొట్టండి. నేలబారుగా పోయినవి వదిలేయండి, కానీ అవెన్నో రాసుకోండి. మిగిలినవాటిలో మూడు అంకెలు నోటుబుక్కులోకి ఎక్కాలి: అన్నిటికన్నా తక్కువ దూరం, మధ్య దూరం, అన్నిటికన్నా ఎక్కువ దూరం. నా 7 ఐరన్‌కు 112, 124, 133. హైబ్రిడ్‌కు 140, 155, 166. మొదటిసారి చూసినప్పుడు నాకు సిగ్గేసింది. మీకూ వేస్తుంది. ఫర్వాలేదు, ఆ పుస్తకం ఎవరికీ చూపించక్కర్లేదు.

గజాలను అడుగులతో కొలుస్తుంటే ముందు టేపుతో 20 గజాలు గీత గీసి, మీ అడుగులు ఎన్ని పడుతున్నాయో చూసుకోండి. ఇంటి స్థలం గజాల్లో కొన్నవాళ్లమే అయినా, మన అడుగు ఒక గజమే అన్న నమ్మకం చాలామందికి తప్పు.

గాలి సంగతి మర్చిపోవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర నైరుతి గాలి ఎలా తోస్తుందో చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. గాలి లేవకముందు, తెల్లవారి ఆరు ఏడు గంటల మధ్య కొలవండి. వెనక గాలిలో రాసుకున్న అంకె మిమ్మల్ని నేరుగా చెరువులోకి తీసుకెళ్తుంది.

బెంగళూరు మనకన్నా ఎత్తులో ఉంది కాబట్టి బంతి ఎక్కువ దూరం పోతుందని కొందరంటారు. మహా అయితే రెండు శాతం తేడా. పొద్దుటి చలి దాన్ని తినేస్తుంది. లెక్కలో వేసుకోకండి.

2. ఈ రెండు వాక్యాలు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి

నీళ్లు దాటాలంటే తక్కువ అంకె చూడాలి.

నీళ్లకు ముందు ఆగాలంటే ఎక్కువ అంకె చూడాలి, దానికి దొర్లే దూరం కూడా కలపాలి.

అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. దాటాల్సి వచ్చినప్పుడు ఎప్పుడో ఒకసారి కొట్టిన గొప్ప షాటు గుర్తొస్తుంది. ఆగాల్సి వచ్చినప్పుడు "మెల్లగా కొడతాలే" అనుకుంటారు. ఆ రోజే బంతి బ్రహ్మాండంగా తగిలి, దొర్లుకుంటూ పోయి గట్టు దిగుతుంది.

ఉదాహరణకు మీకు, అవతలి గట్టుకు మధ్య 130 గజాలు. నా 7 ఐరన్ మధ్య అంకె 124, చాలదు. హైబ్రిడ్ తక్కువ అంకె 140, అంటే నా పేలవమైన షాటు కూడా పది గజాల మిగులుతో దాటుతుంది. హైబ్రిడ్డే తీస్తాను. బంతి గ్రీన్ (జెండా చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) వెనక్కి పోతే పోనీ, అక్కడ గడ్డి ఉంది, గడ్డిలోంచి ఆడటం వచ్చు. ఇక 170 గజాల దూరంలో చెరువు మొదలవుతుంది, దాటే శక్తి లేదు అనుకోండి. హైబ్రిడ్ ఎక్కువ అంకె 166, దానికి 15 గజాలు దొర్లితే 181, మునిగాం. అప్పుడు 7 ఐరన్. 133కి 15 కలిపినా 148, హాయిగా ఆగుతుంది.

ఎదురుగాలిలో నీళ్లు దాటాలంటే ఇంకాస్త ఎక్కువ దూరం పోయే క్లబ్బు తీయండి. గాలి వెనకనుంచి ఉంటే మాత్రం పూర్తిగా తగ్గించకండి. ఎదురుగాలి తీసుకునేంత దూరాన్ని వెనక గాలి తిరిగి ఇవ్వదు, సుమారు సగమే ఇస్తుంది.

3. ముందురోజు రాత్రి కోర్సును ఫోన్లో చూడండి

గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం తెరిస్తే చెరువులన్నీ కనిపిస్తాయి. దూరం కొలిచే సదుపాయం అందులోనే ఉంది. టీ (మొదటి షాటు కొట్టే చోటు) నుంచి నీళ్ల మొదటి గట్టుకు ఎంత, అవతలి గట్టుకు ఎంత, ఏ పక్క నేల ఎక్కువ ఉంది, ఈ మూడూ ప్రతి హోల్‌కూ రాసుకోండి. నంది కొండల కింద ఉన్న ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ లాంటి చోటికి వెళ్లేముందు ఈ అరగంట పని చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా మొదటి నాలుగు హోల్స్‌లోనే తెలుస్తుంది.

రాసుకునేటప్పుడే ప్రతి హోల్‌కూ "పోతే ఇటే పోవాలి" అని ఒక పక్క తేల్చుకోండి. ఎడమ చెరువైతే కుడి గడ్డి. ఆ నిర్ణయం ఇంట్లో మంచం మీద తీసుకుంటే చల్లగా ఉంటుంది. టీ మీద నిలబడి, వెనక నలుగురు చూస్తుండగా తీసుకుంటే చెమటలు పడతాయి.

4. ఏ టీ నుంచి ఆడాలో అహం పక్కన పెట్టి తేల్చుకోండి

ఒక పాత లెక్క ఉంది: మీ 5 ఐరన్ దూరాన్ని 36తో గుణిస్తే మీకు సరిపోయే కోర్సు పొడవు వస్తుంది. 150 గజాలు కొట్టేవారికి 5,400 గజాలు. స్కోరుకార్డు మీద ప్రతి రంగు టీకి మొత్తం పొడవు రాసి ఉంటుంది, దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. వెనక టీల నుంచి కొడితే చెరువులు పొడవవుతాయి, మీరు కారు.

"ముందు టీలు ఆడవాళ్లవి" అనేవాళ్లకు నేను చెప్పే పేరు గోల్ఫర్ అదితి అశోక్. మన పక్క బెంగళూరు అమ్మాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మిగతావాళ్ల కన్నా చాలా తక్కువ దూరం కొడుతూ, గ్రీన్ మీద పట్టర్‌తో (బంతిని దొర్లించే క్లబ్బుతో) పని జరిపించి నాలుగో స్థానంలో నిలిచింది. దూరం లేకపోవడం సమస్య కాదు, లేదని ఒప్పుకోకపోవడం సమస్య.

5. పొద్దున్నే బయల్దేరండి, ఒళ్లు సాగదీయకుండా టీ మీదికి వెళ్లకండి

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి దేవనహళ్లి వైపు చేరడానికి రెండున్నర, మూడు గంటలు. అంతసేపు సీట్లో ముడుచుకుని, దిగగానే డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన క్లబ్బు) పట్టుకుంటే నడుము తిరగదు. చేతులతో కొడతాం, బంతి స్లైసై, అంటే గాలిలో వంకర తిరిగి, కుడివైపు చెరువులో దిగుతుంది. కనీసం 45 నిమిషాలు ముందు చేరండి. పది వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే క్లబ్బు) షాట్లు, పది మధ్య ఐరన్లు, నాలుగు హైబ్రిడ్లు, పది నిమిషాలు పట్టింగ్. దారిలో పొంగలి కడుపు నిండా తినొద్దు, ఇది అనుభవం మీద చెప్తున్నది.

ఆ వైపు క్యాడీల్లో తెలుగు వచ్చినవాళ్లు తరచూ దొరుకుతారు. మొదటి హోల్‌కు ముందే "తమ్ముడూ, నేను 7 ఐరన్‌తో 124 గజాలే కొడతాను" అని నిజం చెప్పండి. అబద్ధం చెబితే అతను ఆ అబద్ధానికి సరిపోయే క్లబ్బే చేతికిస్తాడు.

6. టీ మీద

నీళ్లు ఏ పక్క ఉన్నాయో టీని (బంతి నిలబెట్టే పుల్లను) ఆ పక్కకే గుచ్చండి. చెరువు కుడివైపు ఉంటే టీ పెట్టే స్థలంలో కుడి చివర. వింతగా అనిపిస్తుంది గానీ, అక్కడినుంచి చూస్తే మీ గురి సహజంగా ఎడమకు, అంటే నీళ్లకు దూరంగా తిరుగుతుంది. చాలామంది భయంతో నీళ్లకు దూరం జరిగి ఎడమ చివర గుచ్చి, తెలియకుండానే నీళ్లవైపు గురిపెడతారు.

క్లబ్బు తేల్చాక ఇంకా చూడాల్సింది అవతలి గట్టు మీది ఒక చిన్న గుర్తు, ఒక చెట్టో పొదో. "నీళ్లలో వేయకూడదు" అనుకుంటూ కొట్టొద్దు. "ఆ పొద మీదికి" అనుకోండి. రెండుసార్లు గాలి పీల్చి వదిలి, ఒక్క నమూనా స్వింగు, ఇక కొట్టేయడమే. ఎక్కువసేపు నిలబడితే చేతులు బిగుస్తాయి.

నీళ్ల దగ్గర పాత బంతి పెట్టే అలవాటుంటే మానుకోండి. పాత బంతి పెట్టామంటే అది పోతుందని మనసుకు ముందే చెప్పినట్టు. అందుకే పన్నెండూ ఒకే రకం తెమ్మన్నాను.

ఈ భయం పోవడానికి ఇంటి దగ్గర ఒక సాధన ఉంది. నీళ్లు లేని పంట కుంటలకు మన జిల్లాలో కొదవ లేదు. ఎండిన కుంటకు ఇవతల నిలబడి, అవతలి గట్టు దాటేలా వెడ్జ్‌తో వారానికి ముప్పై బంతులు కొట్టండి. కుంట దొరక్కపోతే నేల మీద నీలం టార్పాలిన్ పట్ట పరవండి. కన్ను మోసపోతే చాలు, చేతులు మిగతాది నేర్చుకుంటాయి.

7. గ్రీన్ పక్కనే నీళ్లుంటే జెండా చూడకండి

జెండా నీళ్ల పక్కన గుచ్చడం కోర్సు వాళ్ల సరదా. మీరు గ్రీన్ మధ్యకు, లేదా పొడినేల ఉన్న పక్కకు కొట్టండి. రెండు పట్లతో పార్ (ఆ హోల్‌కు పెట్టిన షాట్ల లెక్క), మూడైతే బోగీ (ఒకటి ఎక్కువ), ఎలా చూసినా డ్రాప్ (పెనాల్టీతో ఇంకో బంతిని చేత్తో వదలడం) కన్నా చవక.

అమెరికాలోని సాగ్రాస్‌లో 17వ హోల్ గ్రీన్ చుట్టూ దాదాపు అంతా నీళ్లే. దూరం సుమారు 137 గజాలు, అక్కడ ఆడేవాళ్లకు అది వెడ్జ్ దూరం. అయినా ప్రతి ఏటా ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో వాళ్ల బంతులు మునుగుతూనే ఉంటాయి. వాళ్లకే తప్పనిది వారానికోసారి ఆడే మనకు తప్పుతుందా?

8. బంతి పడింది. ఇప్పుడు?

ముందుగా, బంతి గట్టును ఎక్కడ దాటి లోపలికి వెళ్లిందో ఆ చోటును కంటితో పట్టుకోండి. తిట్టుకోవడం తర్వాత. నీళ్లు ఎగజిమ్మిన చోటు కాదు, గట్టు దాటిన చోటు. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

అందరం ఇంకా వాటర్ హజార్డ్ అంటున్నా, 2019 నుంచి రూల్సులో దీని పేరు పెనాల్టీ ఏరియా. చుట్టూ పసుపు కర్రలో ఎర్ర కర్రలో ఉంటాయి. బంతిలో కొంచెం ఆ హద్దు గీతకు తగిలినా లోపల ఉన్నట్టే. మీ ముందున్న దారులు ఇవి:

ఉన్నచోటినుంచే ఆడటం. పెనాల్టీ లేదు. క్లబ్బును నేలకు ఆనించొచ్చు, ఆకులు, పుల్లలు తీసేయొచ్చు. బంతి సగానికి పైగా నీళ్లపైకి కనిపిస్తే తప్ప ఆలోచించకండి. కనిపించినా నేను ఆడను, మొహమంతా బురద, బంతి అక్కడే.

వెనక్కి వెళ్లి, ముందు కొట్టినచోటే మళ్లీ కొట్టడం. ఒక షాటు పెనాల్టీ.

జెండా నుంచి, బంతి గట్టు దాటిన చోటు మీదుగా వెనక్కి ఒక గీత ఊహించుకుని, ఆ గీత మీద ఎంత వెనక్కైనా వెళ్లి డ్రాప్ చేయడం. ఒక షాటు పెనాల్టీ. చాలామంది బంతి ఎగిరివచ్చిన దారిలో వెనక్కి వెళ్తారు, అది తప్పు. గీత మొదలయ్యేది జెండా దగ్గర. 2023 మార్పు ప్రకారం బంతిని సరిగ్గా గీత మీదే వదలాలి. నేలను తాకిన చోటినుంచి ఒక క్లబ్బు పొడవులోపు ఎటు దొర్లి ఆగినా సరే.

ఎర్ర కర్రలైతే ఇంకో దారి: గట్టు దాటిన చోటినుంచి రెండు క్లబ్బుల పొడవులో, హోల్‌కు దగ్గర కాకుండా డ్రాప్. దీనికీ ఒక షాటే. పట్టర్ కాకుండా మీ బ్యాగులో పొడవైన క్లబ్బుతో కొలవాలి, సాధారణంగా అది డ్రైవరే. పసుపు కర్రల దగ్గర ఈ దారి లేదు.

డ్రాప్ మోకాలి ఎత్తునుంచి, తిన్నగా కిందికి. భుజం ఎత్తునుంచి వదలడం పాత పద్ధతి. కొలిచిన స్థలం దాటి దొర్లితే రెండోసారి వదలండి, అప్పుడూ పోతే రెండోసారి నేలకు తాకిన చోట చేత్తో పెట్టండి.

లెక్క ఇలా పెట్టాలి: టీ షాటు ఒకటి, పెనాల్టీ ఒకటి, కాబట్టి తర్వాత కొట్టేది మూడోది. ఏ దారి ఎంచుకున్నా ఇది మారదు, చోటే మారుతుంది. అందుకే దగ్గరగా ఉన్న చోటు కన్నా మీకు అలవాటైన దూరం మిగిలే చోటు వెతకండి. నీళ్ల అంచున, వాలులో, కాళ్లు కిందికీ బంతి పైకీ ఉండేచోట డ్రాప్ చేసుకోవడం కన్నా, గీత మీద 30 గజాలు వెనక్కి వెళ్లి చదునైన చోటునుంచి నిండు వెడ్జ్ కొట్టడం ఎన్నోసార్లు నన్ను కాపాడింది.

మూడు చిక్కులు మళ్లీ మళ్లీ వస్తాయి.

బంతి అవతలి గట్టు మీద పడి వెనక్కి జారి మునిగింది, కర్రలు పసుపువి. అవతల డ్రాప్ చేయడానికి లేదు. గీత మీద వెనక్కి వెళ్తే మళ్లీ నీళ్లు దాటాలి. ఎర్ర కర్రలైతే జారినచోటు పక్కన, హోల్‌కు దగ్గర కాకుండా, రెండు క్లబ్బుల పొడవులో స్థలం దొరికితే అవతలే డ్రాప్ చేయొచ్చు.

బంతి నీళ్లలోనే పడిందని తెలుసు, అయినా "ఊరికే ఇంకోటి" అని టీ నుంచి మళ్లీ కొట్టారు. ఇక అదే మీ బంతి. ఊరికే అనేది రూల్సులో లేదు.

నీళ్లలో పడిందో గడ్డిలో ఉందో తెలియదు. వెతకడానికి మూడు నిమిషాలే. నీళ్లలోనే పడిందని దాదాపు ఖాయంగా చెప్పగలిగితేనే పైన చెప్పిన డ్రాప్‌లు. లేకపోతే అది పోయిన బంతి, కొట్టినచోటికి తిరిగి నడక. ఈ అనుమానం టీ దగ్గరే వస్తే, వెతకడానికి వెళ్లకముందే "ప్రొవిజనల్ (తాత్కాలిక బంతి) కొడుతున్నా" అని పైకి చెప్పి ఇంకోటి కొట్టుకోండి.

కొన్నిచోట్ల డ్రాపింగ్ జోన్ గీసి ఉంటుంది. ఉందా అని క్యాడీని అడగండి, తరచుగా అదే సుఖం.

9. కోపంలో అదే క్లబ్బు మళ్లీ తీయకండి

1998లో అమెరికాలోని బే హిల్ కోర్సులో ప్రొఫెషనల్ గోల్ఫర్ జాన్ డేలీ 5 పార్ హోల్‌లో ఆరు బంతులు వరసగా నీళ్లలో వేసి, చివరికి 18తో బయటపడ్డాడు. అంత శక్తి ఉన్నవాడికి ఆ పంతం చెల్లింది. మనకు ఆ సోకు వద్దు. ఒక చెరువులో రెండు బంతులు పోతే మూడోది తప్పనిసరిగా పక్కకు, చిన్న క్లబ్బుతో. స్నేహితుల మధ్య ఆటైతే డబుల్ బోగీకి (పార్ కన్నా రెండు ఎక్కువ) ఆ హోల్‌లో మీకొచ్చే హ్యాండిక్యాప్ షాట్లు కలిపి వచ్చే అంకె దగ్గర ఆపేసి బంతి చేతిలోకి తీసుకోండి. హ్యాండిక్యాప్ లెక్కలో ఆ హోల్‌కు అంతకు మించి వేయరు కూడా.

10. నీళ్లలోకి దిగకండి

ఇది వేళాకోళం కాదు. కొన్ని చెరువుల అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటుంది. దాని మీద నాచు పడితే కాలు నిలవదు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. షీటు వేసిన పంట కుంటలు చూసినవాళ్లకు నేనేం చెప్తున్నానో తెలుసు. ఈత వచ్చినవాళ్లూ పైకి రాలేరు. గట్టు గడ్డిలో పాములుండొచ్చు, చెయ్యి పెట్టేముందు క్లబ్బుతో గడ్డి కదపండి. కర్ర అందినంత దూరంలో ఉంటే తీసుకోండి, లేకపోతే దణ్ణం పెట్టి ముందుకు నడవండి.

11. ఫలితం ఎలా చూసుకోవాలి

మొదటి మూడు రౌండ్లు స్కోరు చూడకండి. తిరిగి వచ్చేటప్పుడు, చేతిలో టీ గ్లాసుండగానే, మునిగిన ప్రతి బంతికీ నోటుబుక్కులో ఒక వరుస రాయండి: హోల్, క్లబ్బు, దాటాల్సిన దూరం, బాగా తగిలిందా లేదా.

బాగా తగిలినవి మునిగితే మీ అంకెలు తప్పు. దుక్కిలో మళ్లీ కొలవండి, ఈసారి గాలి లేనప్పుడు. చెడ్డగా తగిలినవి మునిగితే మీరు వదిలిన మిగులు చాలలేదు. పది గజాలు వదులుతుంటే పదిహేను చేయండి, లేదా ఆ చెరువును దాటడం మానేసి ముందే ఆగండి. చెరువుకు ముందు ఆగాలనుకున్నవి దొర్లి మునిగితే రెండో వాక్యం మర్చిపోయారన్నమాట. అన్నీ ఒకే పక్క పోతుంటే మాత్రం అది ఈ రాతతో తీరేది కాదు, కోచ్‌కు స్వింగు చూపించండి.

నా లెక్క చెప్తాను. మొదటిసారి 11. అంకెలు రాసుకున్నాక వెళ్లిన రౌండులో 5, ఆ తర్వాత 3. ఒక్కటీ పోకుండా ఇంటికి తెచ్చిన రోజు ఇప్పటిదాకా ఒక్కటే, ఆరోజు స్కోరు మాత్రం ఏమంత గొప్పగా లేదు.

ఇక బంతుల ప్రశ్న. పన్నెండు చాలు. చాలకపోతే చెరువుల్లోంచి తీసిన పాత బంతులు అక్కడ ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు. చాలా రోజులు నానినవి కాస్త తక్కువ దూరం పోతాయి, తెల్లదనం చచ్చి పాలిపోయినట్టు ఉన్నవి వదిలేయండి. కొనేముందు తిప్పి చూడండి, మీ మార్కర్ గుర్తే ఉండొచ్చు. నాకు ఒకసారి దొరికింది. నా బంతే అని చెప్పినా ఐదు రూపాయలు కూడా తగ్గించలేదు.